ఖాళీ గడి

విస్సన్నపేటలో ఉమాపతి ఎవరంటే ఎవరికీ వెంటనే తట్టదు. పసుపు ఉమాపతి అని అడిగి చూడండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పాత బస్టాండు వెనక ఉన్న చిన్న ఆసుపత్రి గుమ్మంలో నిలబెడతారు. ఆ పేరు అతనికి పుట్టుకతో రాలేదు. పూజారుల ఇంట్లో పుట్టినందుకూ రాలేదు. ఒక మెషిన్ వల్ల వచ్చింది, ఊరు నవ్వుతూ పెట్టింది. ఊళ్లోవాళ్లకి ఇంకొకరికి పేర్లు పెట్టడమంటే మహా సరదా. పెట్టినవాడు టీ తాగి ఇంటికి పోతాడు, మోసేవాడు మోస్తూనే ఉంటాడు.

ఉమాపతి తండ్రి ఊరి శివాలయంలో అర్చకుడు. కొడుక్కి మంత్రం నోట నిలవలేదు. రుద్రం సగంలో తప్పి మళ్లీ మొదటికొచ్చేవాడు. తండ్రి విసిగి విసిగి ఒకరోజు, "నీకు ఇది రాదురా, ఇంకేదన్నా చూసుకో" అనేశాడు. విజయవాడ వెళ్లి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి వచ్చాక తేలింది, ఆ చేతిలో వేరే విద్య ఉందని. పసిపిల్లల చేతికైనా, ఎండిపోయిన ముసలాళ్ల చేతికైనా ఒక్క పోటుకే నరం దొరికేది. "ఉమాపతిగారు గుచ్చితే దోమ కుట్టినట్టు కూడా ఉండదండీ" అనేవాళ్లు. నలభై దాటినా పెళ్లి కుదరలేదు. పూజారి కొడుకు, చిన్న జీతం, సంబంధాలు వాకిలి దాకా వచ్చి వెనక్కి పోయేవి. కొన్నాళ్లకి రావడమే మానేశాయి.

అతనికి ఉన్నదల్లా అక్క. పేరు జ్ఞానప్రసూనాంబ. అంత పేరు పలికే ఓపిక లేక ఊరంతా ప్రసూన టీచర్ అంటారు. తల్లి పోయేనాటికి ఉమాపతి ఇంకా బడిలో చేరలేదు. అన్నం కలిపి పెట్టిందీ, తల దువ్విందీ, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నదీ అక్కే. పెళ్లై కాపురానికి వెళుతూ తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లింది. బావ దక్షిణామూర్తి పోస్టాఫీసులో గుమాస్తా. రోజు మొత్తానికి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. పెళ్లికూతురి చెంగు పట్టుకుని వచ్చిన ఆ పిల్లాణ్ణి చూసి ఆయన ఏమీ అనలేదు. మర్నాడు బజారుకెళ్లి పలక కొనుక్కొచ్చాడు. ఇప్పటికీ ఉమాపతి ఒంటిగదిలో పడుకుంటాడే గానీ, రెండు పూటలా భోజనం అక్క ఇంట్లోనే. చింతలపూడి రోడ్డు మీద, ఊరు దాటాక, మామిడితోటల పక్కన చిన్న డాబా ఇల్లు వాళ్లది.

ఇక మెషిన్ సంగతి. నిరుడు చలికాలంలో ఒక చిన్న కంపెనీ తరఫున వినీల అనే ఇంజినీరు అమ్మాయి దాన్ని తెచ్చి ఆసుపత్రిలో పెట్టింది. పెట్టె టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. అందులో దూర్చే చిప్ వేలి గోరంత. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి ఊరుతుంది. చిప్ మీద ఒక గడిలో ఆ పదార్థాన్ని పట్టి ఆపే పూత ఉంటుంది. పట్టుబడ్డ కణాలకి ఒక రంగు అంటుకుంటుంది. చిప్ లోపలి నుంచి నీలం వెలుగు పంపితే ఆ రంగు మిణుకుమంటుంది. మన కంటికి అది ఆనదు. అడుగున ఉన్న సెన్సర్‌కి ఆనుతుంది, అది అంకె చూపిస్తుంది. వేలి కొసన ఒక్క చుక్క చాలు, మనిషి టీ తాగి వచ్చేలోపు గుండె సంగతి తేలిపోతుంది.

ఈ మెట్టప్రాంతంలో అది చిన్న విషయం కాదు. ఇక్కడ ఎవరికి గుండెపోటొచ్చినా ముందు గ్యాస్ అంటారు. సోడా తాగిస్తారు, వీపు రాస్తారు, వాము నమిలిస్తారు. విజయవాడ పోవాలా వద్దా అని ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చేలోపు మనిషి కాస్తా చేయి దాటిపోతాడు. ఉమాపతి అలాంటివాళ్లని చాలామందిని చూశాడు. అందుకే ఆ పెట్టె అంటే అతనికి ప్రాణం. సాయంత్రం ఇంటికి పోయేముందు దానిమీద శుభ్రమైన తువ్వాలు కప్పి మరీ పోయేవాడు.

మామిడి పిందె కట్టే రోజుల్లో ఒక శుక్రవారం, తోటలున్న ఆసామి లక్ష్మీనరసింహారావుగారి భార్య ప్రమీలారాణి గుండెల్లో మంటగా ఉందంటూ వచ్చింది. ఉమాపతి వేలు గుచ్చాడు. అంకె ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు వచ్చింది. అంబులెన్సు పిలిచాడు, డాక్టర్ హనుమయ్యగారిని తొందరపెట్టాడు, నలుగురిచేత ఆవిడని మోయించాడు. విజయవాడలో మణికట్టులోంచి గొట్టం పంపి గుండె నాళాలన్నీ చూశారు. అద్దంలా ఉన్నాయన్నారు. మజ్జిగ ఎక్కువ తాగమని చెప్పి పంపేశారు.

తప్పు ప్రమీలారాణిది కాదు. శుక్రవారం కాబట్టి పొద్దున్నే గడపలన్నిటికీ పసుపు రాసింది, కాళ్లకి రాసుకుంది. వేళ్ల గీతల్లోనూ గోళ్ల కిందా పసుపు దిగిపోయి ఉంది. సూది గుచ్చి పిండిన చుక్కలో ఆ పసుపూ కలిసింది. సంగతి తెలిసి వినీల వచ్చి తల పట్టుకుంది.

"నీలం వెలుగు పడితే పసుపు కూడా మెరుస్తుందండీ. మా ల్యాబులో పసుపు చేతులతో ఎవరూ రారు. మాకు తట్టలేదు" అంది.

ఆ రోజే ఆమె అతనికి రెండో గడి గురించి చెప్పింది. చిప్ మీద మొదటి గడి పక్కన ఇంకో గడి ఉంది. దానికి ట్రోపోనిన్‌ని పట్టే పూత ఉండదు, ఖాళీ. దాని అంకె మొదట కనపడదు, పక్కనున్న బటన్ నొక్కితే వస్తుంది. "రెండు గళ్లూ వెలిగితే అది పసుపో మరొకటో అనుకోండి. మొదటిది వెలిగి ఖాళీ గడి చీకటిగా ఉంటే మాత్రం అది గుండేనండీ, ఒక్క నిమిషం ఆగొద్దు. చేతులకి పసుపుంటే ఎందుకైనా మంచిది, మోచేతి దగ్గర నరంలోంచి తీయండి" అని రెండుసార్లు చెప్పింది. ఉమాపతి తలూపాడు. అర్థం కాకపోవడానికి అందులో ఏముంది.

కానీ ఊరు ఊరుకుంటుందా. లక్ష్మీనరసింహారావుగారు టీకొట్టు దగ్గర నలుగురిలో పిలిచారు.

"ఉమాపతిగారూ, మా గడపకి కూడా గుండెపోటొచ్చినట్టుందండీ. పొద్దుట్నించీ పచ్చగా ఉంది. ఓసారి సూది గుచ్చి చూస్తారా?"

విన్నవాళ్లు టీ ఒలకబోసుకుని నవ్వారు. ఉమాపతీ నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు. డాక్టర్‌గారు మాత్రం నవ్వలేదు. "ఇంకోసారి ఇట్లా గోల చేస్తే నా ఆసుపత్రికి ఎవడూ రాడయ్యా" అన్నారు. అప్పట్నించి షుగరు పరీక్షకి వచ్చినవాడు కూడా అరచేతులు చాపి, "పసుపు లేదండీ, చూసుకోండి" అనేవాడు. పైకి నవ్వేవాడు గానీ ఉమాపతి లోపల కుమిలిపోయేవాడు. చేతిలో ఉన్నది ఒకటే విద్య, అదీ నవ్వులపాలైంది. అందుకని ఒక అలవాటు చేసుకున్నాడు. పచ్చటి వేళ్లతో ఏ ఆడమనిషి వచ్చినా, ఇంకొకడు అనకముందే తనే "పసుపేలెండి" అనేసేవాడు. తనే అనేసుకుంటే అంత గుచ్చుకోదు. మొదట్లో ఆ మాట అంటూనే రెండో గడి చూసేవాడు. పోనుపోను మాట ముందు, గడి తర్వాత అయింది.

మే నెల వచ్చింది. ప్రసూన టీచర్ బడికి సెలవులిచ్చారు, ఇంట్లో మాగాయ పెట్టింది. తరిగిన మామిడి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి ఊరేసి, ఊట పిండి, పాత చీరమీద డాబాపైన ఎండబోసింది. ఆ పని చేసినావిడ చేతులు ఎట్లా ఉంటాయో చెప్పాలా. మణికట్టు దాకా పచ్చగా, సబ్బుకి లొంగకుండా ఉంటాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ ఆటో దిగి ఆసుపత్రికి వచ్చింది. మొహం పాలిపోయి, చెమట పట్టి ఉంది.

"ఏంటక్కా, ఈ ఎండలో?"

"ఏం లేదురా. పొద్దుట్నించీ వీపులో పట్టేసినట్టుంది. దవడ కూడా లాగుతోంది. ముక్కలు పిండాగా, అందుకేనేమో. గ్యాస్‌కి ఏదన్నా బిళ్ల ఇస్తావేమోనని వచ్చా."

డాక్టర్ హనుమయ్యగారు పెళ్లికని చింతలపూడి వెళ్లారు. ఉమాపతి అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, స్పిరిట్ దూదితో వేలు తుడిచి సూది గుచ్చాడు. దూది పచ్చగా వచ్చింది. చుక్క చిప్ మీద వేసి పెట్టెలోకి తోశాడు. బెంచీ మీద రాఘవయ్య అనే రైతు మోకాళ్ల నొప్పుల మందు కోసం కూర్చుని ఉన్నాడు, ఆయన పక్కన ఇంకో ఇద్దరున్నారు. మెషిన్ కూత పెట్టింది. అంకె ఎర్రగా పైకి పోయింది.

రాఘవయ్య మెడ సాచి చూశాడు. "ఏంటండీ ఉమాపతిగారూ, అక్కగారిక్కూడా పసుపేనా?"

బెంచీ మొత్తం నవ్వింది. ప్రసూన కూడా తన చేతులు చూసుకుని నవ్వింది. "మాగాయకి వచ్చిందిరా గుండెపోటు" అంది. అక్క నవ్వుతుంటే ఉమాపతికీ నవ్వొచ్చింది. బటన్ అతని బొటనవేలికి అంగుళం దూరంలో ఉంది. నొక్కితే అయిపోయేది. నొక్కి, రెండో అంకె కోసం కాచుకుని, మొహం సీరియస్‌గా పెట్టి, మళ్లీ విజయవాడ అని, మళ్లీ అంబులెన్సు అని, ఈ బెంచీ ముందు మళ్లీ గోల చేయడానికి అతనికి సిగ్గేసింది. అంతే. ఇంకే కారణమూ లేదు.

"పసుపేలే అక్కా" అన్నాడు. "రేపు పొద్దున్న రా, మోచేతి దగ్గర తీసి చూస్తా. ఈ బిళ్ల వేసుకుని కాసేపు పడుకో."

"పడుకోవడానికేం గానీ, మబ్బు పట్టింది చూశావా. డాబా మీద ముక్కలన్నీ తడిసిపోతాయి" అంటూ ఆవిడ లేచింది. ఆటో ఎక్కాక ఒకసారి చెయ్యి ఊపింది.

ఆమె వెళ్లిన కాసేపటికే ఈదురుగాలి లేచింది. మామిడి కోతల రోజుల్లో ఆ గాలి చప్పుడుకే రైతులు వణికిపోతారు. బెంచీ మీదవాళ్లు తోటలు తలుచుకుని పరుగెత్తారు. కరెంటు పోయింది. మెషిన్ బ్యాటరీ మీద నడుస్తోంది. చిప్ బయటికి తీయాలంటే ఆ బటన్ నొక్కాల్సిందే. ఉమాపతి గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్కలు మూసి, పనిలో పనిగా బటన్ నొక్కాడు.

ఖాళీ గడి అంకె వచ్చింది. సున్నాకి కాస్త పైన. అంటే చీకటి. దూదికి అంటిన పసుపు దూదితోనే పోయింది, చుక్కలోకి రాలేదు. వెలిగింది అక్క గుండె.

అతను ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ముక్కలు ఎత్తడానికి డాబా మీదికెళ్లి ఉంటుంది, ఫోన్ కింద వంటింట్లో ఉంటుంది, అదీ అతనికి తెలుసు. అంబులెన్సుకి చేస్తే నూజివీడు రోడ్డు మీద చెట్లు పడ్డాయి, ఆలస్యమవుతుందన్నారు. నమిలే ఆస్పిరిన్ బిళ్లలు జేబులో వేసుకుని బండి తీశాడు. రోడ్డు నిండా రాలిన కాయలు. వాటి కోసం జనం గోతాలు పట్టుకుని రోడ్డుకి అడ్డంగా వంగి ఉన్నారు. "జరగండి, జరగండి" అని అరిస్తే, "కాస్త నిదానించండి ఉమాపతిగారూ, ఏం మునిగిపోయింది" అన్నాడొకడు. అతనికి ఏడుపొచ్చింది.

ఇంటి తలుపు తీసే ఉంది, బావ ఇంకా పోస్టాఫీసు నుంచి రాలేదు. ప్రసూన డాబా మెట్ల మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో ముక్కల మూట. వాన అప్పుడే మొదలైంది. పెదాలు తెల్లబడ్డాయి.

"ఒక్క ముక్కా తడవలేదురా" అంది.

ఉమాపతి బిళ్ల నోట్లో పెట్టాడు. "నములు అక్కా. నమిలి మింగు. లే, విజయవాడ పోదాం."

"పసుపేనన్నావుగా?"

అందులో నిష్ఠూరమేమీ లేదు. నిజంగానే అడిగింది. చిన్నప్పుడు వాడు బడి నుంచి వచ్చి ఏం చెప్పినా నమ్మినట్టే, ఇప్పుడూ వాడు ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉంది. ఉమాపతి వంగి అక్కని లేవదీశాడు. భుజాన వేసుకుని కిందికి దించాడు. పక్కింటివాళ్ల ఆటోలో ఎక్కించాడు. ఊరు దాటిన రెండో మలుపులో పెద్ద మామిడిచెట్టు వేళ్లతో సహా కూలి రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. ఇద్దరు గొడ్డళ్లతో కొమ్మలు నరుకుతున్నారు. అటు బస్సు, ఇటు లారీ ఆగిపోయాయి. అక్క తల అతని భుజం మీద బరువెక్కడం అక్కడే తెలిసింది. రోడ్డు మీద పడుకోబెట్టి రెండు చేతులూ కలిపి ఛాతీ నొక్కాడు. గొడ్డలి చప్పుడు ఆగిపోయింది, జనం చుట్టూ మూగారు. అతను నొక్కుతూనే ఉన్నాడు. ఎవరో పెద్దాయన వచ్చి చేతులు పట్టుకుని, "చాలు నాయనా, చాలు" అనేదాకా నొక్కాడు.

సాయంత్రానికి ఇల్లు జనంతో నిండింది. ముత్తైదువుగా పోయింది, అదృష్టవంతురాలు అన్నారు ఆడవాళ్లు. అదృష్టమట. కాళ్ల మీద నడిచి ఆసుపత్రికి వచ్చి, జబ్బు మెషిన్‌లో కనపడి కూడా ఇంటికి తిరిగొచ్చిన మనిషిది అదృష్టమట.

దక్షిణామూర్తి వసారాలో కూర్చుని వచ్చినవాళ్లకి చెబుతున్నాడు. జీవితంలో ఎన్నడూ అన్ని మాటలు మాట్లాడి ఎరగడు. "మధ్యాహ్నం మా ఉమాపతి దగ్గరికి వెళ్లొచ్చానని ఫోన్ చేసిందండీ. వాడు చూశాడు, ఏమీ లేదన్నాడు. అంటే అప్పటికి ఏమీ లేదన్నమాట. ఉంటే వాడికి తెలియదా. వాడు వదిలిపెడతాడా." ఒకరు వెళ్లి ఇంకొకరు రాగానే మళ్లీ మొదటినుంచి అదే. తలుపు వెనక నిలబడి ఉమాపతి ఎంతకని వింటాడు. బావ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే వెనకే వెళ్లాడు.

"అప్పటికే ఉంది బావా. మెషిన్‌లో వచ్చింది. రెండో అంకె చూడాలి, నేను చూళ్లేదు. అక్కడ అందరూ నవ్వుతున్నారు. పసుపని చెప్పి పంపించేశా."

దక్షిణామూర్తి చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నీళ్లు కారిపోతున్నాయి.

"నవ్వారనా?" అన్నాడు.

ఉమాపతి తల వంచుకున్నాడు.

"నాకు చెప్పావు, సరే. అమ్మాయి రమ్యకి చెప్పకు. దానికి తల్లి పోయింది. మేనమామని కూడా తీసెయ్యకు." రెండడుగులు వేసి ఆగాడు. ఇటు తిరగలేదు. "పదో రోజు దాకా ఉండు. ఆ తర్వాత ఈ ఇంటికి రాకు ఉమాపతీ. నేను నిన్ను చూళ్లేను."

ప్రసూన ఒక్కగానొక్క కూతురు శ్రీరమ్య ఏలూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. రోడ్లు తెరిచాక తెల్లవారి వచ్చింది. తల్లి మీద పడి గొంతు పోయేలా ఏడ్చింది. స్నానం చేయించే వేళయింది. "పుట్టింటి పసుపు, చీర ఎవరు తెస్తున్నారమ్మా?" అని ఓ పెద్దావిడ అడిగింది. భర్త ఉండగా పోయిన ఆడమనిషికి చివరి పసుపు పుట్టింటినుంచి రావాలి. పుట్టింట్లో మిగిలింది ఉమాపతి ఒక్కడే. కొట్టు తీయించి చీరా పసుపూ కుంకుమా తెచ్చాడు. ముందు పుట్టింటివాళ్లే రాయాలని పెద్దావిడ అంటే అక్క కాళ్ల దగ్గర కూర్చుని పాదాలకి పసుపు రాశాడు. చేతులకి రాయబోయాడు. ఆ చేతులు అప్పటికే పచ్చగా ఉన్నాయి. అతను అక్కడితో ఆగిపోయాడు, ముందుకు వంగి నేలకి తల ఆనించాడు.

శ్రీరమ్య వచ్చి పక్కన కూలబడింది. "మామయ్యా, అమ్మ నిన్న నీ దగ్గరికి వచ్చిందట కదా. మెషిన్‌లో చూశావా? ఏం వచ్చింది?"

ఉమాపతి తలెత్తాడు. వసారాలో దక్షిణామూర్తి ఇటే చూస్తున్నాడు.

"ఏమీ రాలేదమ్మా" అన్నాడు.

ఆ పిల్ల అతని భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి తీసుకుంది. "అయితే నువ్వు మాత్రం ఏం చేస్తావు మామయ్యా. నువ్వు చూడాల్సిందంతా చూశావు" అంటూ అతని కళ్లు తన కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. దక్షిణామూర్తి లేచి లోపలికి వెళ్లిపోయాడు.